ధర దించేముందు లెక్క కట్టండి: చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ల ప్రశ్నలు, మా జవాబులు

కేబుల్ ఆపరేటర్లు, ఊరి స్థాయి ఇంటర్నెట్ ప్రొవైడర్లు పంపిన ప్రశ్నల్లోంచి ఈసారి ఆరు. ఎయిర్‌ఫైబర్ (కేబుల్ లాగకుండా గాలిలో సిగ్నల్ ద్వారా ఇంటికిచ్చే నెట్) పోటీ గురించి అడిగిన అందరికీ మొదటి జవాబే వర్తిస్తుంది.

ప్రశ్న: మాకు 420 ఫైబర్ కనెక్షన్లున్నాయి. నెలకు 499, జీఎస్టీ అదనం. ఎయిర్‌ఫైబర్ వాళ్ళు ఇంటింటికీ తిరుగుతున్నారు. మూడు నెలల్లో 31 కనెక్షన్లు పోయాయి. రేటు 399 చేద్దామని మా కుర్రాళ్ళు పోరుతున్నారు. దించమంటారా?
— కేబుల్ ఆపరేటర్, తణుకు

జవాబు: దించొద్దు. 420 మందికి 499 చొప్పున మీ నెల రాబడి 2,09,580 రూపాయలు. 399 చేస్తే 1,67,580. అంటే నెలకు 42,000 మీరే వదులుకుంటారు. వెళ్ళిపోయిన 31 మంది వల్ల పోయింది 15,469 మాత్రమే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. 399 మీద పాత రాబడి మళ్ళీ రావాలంటే 526 కనెక్షన్లు కావాలి, అంటే కొత్తగా 106. ఒక్కోదానికి ఓఎన్‌యూ (ఫైబర్ వెలుగును అందుకునే ఇంటి పెట్టె), స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ కేబుల్, కూలి కలిపి 2,000 అనుకున్నా 2,12,000 పెట్టుబడి. మీ నెల రాబడి మొత్తం దానికే సరిపోదు. ఆ 106 ఇళ్ళు వాడే బ్యాండ్‌విడ్త్ ఖర్చు దీనికి అదనం.

ముందు ఆ 31 ఇళ్ళకు ఫోన్ చేయండి. "ఎందుకు మానేశారు" అని అడిగితే మొహమాటానికి "రేటండీ" అంటారు. అక్కడ ఆగకుండా "చివరిసారి నెట్ ఆగినప్పుడు మా వాళ్ళు ఎన్నాళ్ళకు వచ్చారు?" అని అడగండి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకోండి: రేటు, రిపేరు ఆలస్యం, గదుల్లోకి వైఫై అందకపోవడం, ఇల్లు మారడం. రేటు గడిలో సగం కూడా పడకపోతే, ధర తగ్గింపు మీ జబ్బుకు మందు కాదు.

ఇక ఎయిర్‌ఫైబర్ సంగతి. మేడ మీద పెట్టే డబ్బా టవర్ నుంచి 5జీ సిగ్నల్ అందుకుంటుంది. కొన్నిచోట్ల లైసెన్సు అక్కర్లేని బ్యాండులో రేడియో లింకు వేస్తున్నారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ రెండు రకాలనూ ఇప్పుడు విడివిడిగా లెక్క చూపిస్తోంది. టవర్ మీద ఒక్కో దిక్కుకు ఉన్న సామర్థ్యాన్ని ఆ వైపున్న ఫోన్లూ ఇళ్ళూ కలిసి పంచుకోవాలి. మీ జీపాన్ పోర్టు (మీ ఆఫీసు పరికరంలో ఒక ఫైబర్ బయల్దేరే చోటు) దిగువకు సుమారు 2.5 గిగాబిట్లు ఇస్తుంది, దాన్ని పంచుకునేది మామూలుగా 64 ఇళ్ళకు మించదు. అలాగని "ఎయిర్‌ఫైబర్ పనిచేయదు" అని కరపత్రం వేయకండి. టవర్ దగ్గరున్న ఇంట్లో అది బాగానే పనిచేస్తుంది, పక్కింటివాళ్ళు చూసి మీ మాటే అబద్ధమంటారు.

మీ బలం అప్‌లోడ్. పైనుంచి మీరు కొనే లింకు రెండు వైపులా సమానం. జనం వాడేది ఎక్కువగా డౌన్‌లోడే కాబట్టి పైకి వెళ్ళే సగం ఖాళీగా పడి ఉంటుంది. అందుకే 100 ఎంబీపీఎస్ డౌన్, 100 అప్ ఇచ్చినా మీకు దాదాపు అదనపు ఖర్చు లేదు. సీసీ కెమెరాలున్న దుకాణాలు, మీసేవ కేంద్రాలు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్ళు: ముందు ఈ నాలుగు వర్గాల జాబితా రాసుకుని నేరుగా వెళ్ళి కలవండి. వాళ్ళకు 50 రూపాయల తేడా కన్నా మధ్యాహ్నం రెండింటికి లైను పోతే మూడింటికల్లా మనిషి రావడం ముఖ్యం.

తగ్గింపు ఇవ్వక తప్పదంటే 12 నెలల డబ్బు ముందే కట్టినవాళ్ళకు 13 నెలలు ఇవ్వండి. ఇది 7.7 శాతం తగ్గింపు. మీ కుర్రాళ్ళు చెప్పేది 20 శాతం. పైగా ఏడాది పాటు ఆ ఇల్లు కదలదు. ఒక జాగ్రత్త: సేవల విషయంలో అడ్వాన్సు అందిన నెలలోనే మొత్తం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ భాగం తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని 13 వాటాలు చేసి నెలకొకటి చొప్పునే వాడండి. లేకపోతే ఆరో నెలకల్లా చేతిలో డబ్బుండదు, పదమూడో నెల దాకా సర్వీసు మాత్రం ఇస్తూ ఉండాలి.

గోదావరి జిల్లాల్లో ఇంకొక్కటి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి పిల్లలొస్తారు. బిల్లు కట్టేది తండ్రి, ఏ కంపెనీ నెట్ ఉండాలో తేల్చేది ఆ నాలుగు రోజులుండే కొడుకు. జనవరి మొదటి వారంలో మీ మనిషి ప్రతి ఇంటికీ వెళ్ళి వైఫై చూసి రావాలి.

ప్రశ్న: "నెట్ స్లో" అని రోజుకు పది ఫోన్లు. వెళ్ళిన ప్రతిసారీ రౌటర్ మారుస్తున్నాం. వారానికి మళ్ళీ అదే ఫిర్యాదు. ఎక్కడ చూడాలి?
— 700 కనెక్షన్ల ఆపరేటర్, సూర్యాపేట

జవాబు: స్లో అనేది మూడు వేర్వేరు రోగాలకు ఒకే పేరు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊరంతా స్లో అయితే పైలింకు, అంటే మీరు పైప్రొవైడరు దగ్గర కొనే లింకు, నిండింది. ఒకే ఇంట్లో రోజంతా స్లో అయితే ఫైబర్ వెలుగు లేదా వైఫై. ఒక వీధి మొత్తానికి నెట్ వచ్చిపోతూ ఉంటే ఆ వీధికి వెళ్ళే జీపాన్ పోర్టు మీద ఏదో ఒక ఓఎన్‌యూ తన వంతు రాకపోయినా వెలుగు పంపుతూ ఉండొచ్చు. ఒక్కోదాన్నీ ఊడదీస్తూ వెళ్తే దొంగ దొరుకుతుంది.

వెలుగు లెక్క ఇలా వేయండి. ఓఎల్‌టీ (మీ ఆఫీసు నుంచి ఇళ్ళకు వెలుగు పంపే పరికరం) పోర్టు నుంచి ప్లస్ 3 డీబీఎం బయల్దేరిందనుకుందాం. డీబీఎం వెలుగు బలానికి కొలత, డీబీ దారిలో పోయే నష్టానికి; మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. ఒక ఫైబర్ వెలుగును ఎనిమిదింటికి పంచే స్ప్లిట్టరు 10.5 డీబీ తింటుంది. వీధిలో మరొక ఎనిమిదిది ఉంటే మొత్తం 21. నాలుగు కిలోమీటర్ల ఫైబర్‌కు 1.4. కనెక్టర్లు నాలుగైతే 1.2. ఫ్యూజన్ జాయింట్లు ఆరైతే 0.6. మొత్తం నష్టం 24.2. ఇంట్లో మైనస్ 21 దగ్గర రావాలి. పవర్ మీటర్ 1490 నానోమీటర్ల మీద పెట్టి చూడండి. మైనస్ 26 చూపించినా నెట్ ఆడుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. తొలి వాన పడి జాయింట్ బాక్సులోకి చెమ్మ చేరగానే మైనస్ 28 అవుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. మామూలు ఓఎన్‌యూకు మైనస్ 27 హద్దు. మైనస్ 25 దాటిన ఇళ్ళ జాబితా మృగశిర కార్తె లోపే తయారు చేసుకుని బాగుచేయించండి.

ఆ అయిదు డీబీలు ఎక్కడికి పోతాయి? పచ్చ కనెక్టరును నీలం అడాప్టరులో గుచ్చడం చాలా మామూలు తప్పు. పచ్చదాని ముఖం 8 డిగ్రీలు ఏటవాలు, నీలందానిది చదును, రెండూ ఆనవు. కిటికీ సందులోంచి కేబులు లాగి తలుపు వేసేయడం రెండోది. పక్కింటి కోసం మధ్యలో ఒకటికి రెండు స్ప్లిట్టరు పెట్టి రికార్డులో రాయకపోవడం మూడోది. అదొక్కటే మూడున్నర డీబీ. చొక్కా అంచుతో కనెక్టరు తుడిచే అలవాటు కూడా మాన్పించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పోగులు రాని తుడుపు గుడ్డ ప్రతి కిట్టులో ఉండాలి.

వెలుగు సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి స్పీడ్ చూడండి. కేబుల్ మీద 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతే ఓఎన్‌యూ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది. చవక పెట్టెలు చాలావరకు ఇంతే. దాని మీద 200 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మితే జీవితాంతం ఫిర్యాదే. పోర్టు గిగాబిట్‌దే అయినా 94 వస్తుంటే ల్యాన్ వైరులో ఒక జత తెగింది. కేబుల్ మీద పూర్తిగా వచ్చి ఫోన్లో రాకపోతే అది వైఫై. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఛానెల్ 1, 6, 11 తప్ప వేరేది పెట్టకండి, దగ్గర గదికి 5 గిగాహెర్ట్జ్ పేరు విడిగా ఇవ్వండి. మూడు పడక గదుల ఇంటికి ఒక్క పెట్టె చాలదని బిగించే రోజే చెప్పండి. తరువాత చెబితే సాకు అనుకుంటారు.

పైలింకుకు కనెక్షనుకు 2 నుంచి 3 ఎంబీపీఎస్ అని మొదటి అంచనా వేసుకోండి. మీ 700కు 1.4 నుంచి 2.1 గిగాబిట్లు. అసలు ప్రమాణం మాత్రం మీ పైలింకు వాడకం గ్రాఫే: రాత్రిళ్ళు గీత పైన బల్ల పరిచినట్టు సాపుగా ఉంటే నిండిపోయింది. వాడకం 75 శాతం దాటినప్పుడే అదనపు లింకుకు ఆర్డరు పెట్టండి, పైవాళ్ళు ఇచ్చేసరికి వారాలు పడతాయి. వీడియో ట్రాఫిక్ కాష్ సర్వర్ల (ఎక్కువగా చూసే వీడియోల నకళ్ళు దగ్గర్లో దాచే కంప్యూటర్లు) నుంచీ, హైదరాబాద్‌లో ఉన్న నిక్సీ, ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్ వంటి ఎక్స్ఛేంజీల (నెట్‌వర్కులు ట్రాఫిక్ నేరుగా ఇచ్చిపుచ్చుకునే చోట్లు) నుంచీ వేరు ధరకు ఇస్తారా అని మీ పైప్రొవైడరును తప్పక అడగండి.

ప్రశ్న: కొత్త ప్లాన్ గురించి నా సొంత సిమ్ నుంచి 2,000 మందికి మెసేజ్ పెట్టాను. అవుట్‌గోయింగ్ ఆపేశారు. ప్రచారం ఇంకెలా చేయాలి?
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: వ్యాపార మెసేజ్‌లు సొంత నంబరు నుంచి పంపకూడదు. ట్రాయ్ నియమాల 2025 సవరణ ప్రకారం మొదటిసారికి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్ళీ మళ్ళీ చేస్తే ఏడాది పాటు మీ పేరున ఉన్న కనెక్షన్లన్నీ పోతాయి. ఏదో ఒక టెలికాం కంపెనీ డీఎల్‌టీ పోర్టల్‌లో (వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్ళు నమోదయ్యే సైటు) మీ సంస్థను నమోదు చేసుకోండి. తరువాత హెడర్ (పంపినవారి పేరుగా కనిపించేది), ఆపై మెసేజ్ టెంప్లేట్ ఆమోదం పొందాలి. టెంప్లేట్‌లో ఉన్న అక్షరం మారినా మెసేజ్ వెళ్ళదు. చాలామంది ఇక్కడే తంటాలు పడతారు. ప్రచార మెసేజ్ హెడర్ చివర పి, సర్వీసు మెసేజ్ హెడర్ చివర ఎస్ అక్షరం వస్తుంది. ప్రచారానివి ఉదయం 10 నుంచి రాత్రి 9 లోపే.

మీ స్థాయికి మాత్రం పేపర్లో పెట్టే కరపత్రమే మేలు. దాని మీద "సూపర్ ఫాస్ట్, అన్‌లిమిటెడ్" అని రాసి ఆపకండి. పెద్ద కంపెనీల అన్‌లిమిటెడ్ వెనక కూడా చాలావరకు నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. హద్దెంత, అది దాటాక స్పీడెంత అన్నది ప్రకటనలోనే చెప్పాలన్నది ట్రాయ్ నియమం. 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్‌కు తగ్గినదాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడమే చెల్లదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు. ఇలా రాయండి: "100 ఎంబీపీఎస్, రెండు వైపులా. నెలకు 3,300 జీబీ దాకా, తరువాత 4 ఎంబీపీఎస్. జీఎస్టీతో కలిపి 589. బిగింపు ఉచితం. ఉదయం ఫిర్యాదు చేస్తే సాయంత్రానికి బాగుచేస్తాం." ఆఖరి వాక్యం నిలబెట్టుకోగలిగితేనే అచ్చు వేయండి.

ప్రశ్న: కరెంటు స్తంభాల మీది మా కేబుళ్ళు కోసేశారు. మళ్ళీ వేయాలా, ఆగాలా?
— ఉప్పల్ ఆపరేటర్

జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక స్తంభాల మీది కేబుళ్ళు కోసే పని ముమ్మరమైంది. అనుమతి లేకుండా మళ్ళీ వేస్తే మళ్ళీ కోస్తారు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కొత్త రైట్ ఆఫ్ వే (కేబుల్ వేసుకునే దారికి అనుమతి) నియమాల కింద దరఖాస్తు మీ లైసెన్సు ప్రొవైడరు పేరున వెళ్ళాలి, కాబట్టి ముందు వాళ్ళను కదిలించండి. ఈలోపు చచ్చిన కేబుళ్ళు, స్తంభానికి చుట్టలుగా వేలాడే మిగులు మీరే తీసేయండి. ప్రతి స్తంభం దగ్గర మీ పేరు, ఫోను నంబరుతో ట్యాగ్ కట్టండి. స్టీలు తీగ ఉన్న కేబుల్ కరెంటు లైను దగ్గర వద్దే వద్దు. లోహం బదులు గట్టి ప్లాస్టిక్ కడ్డీ ఉండే ఎఫ్ఆర్‌పీ కేబుల్ వాడండి. తెగిన లైవ్ వైరు మీద పడితే స్టీలు తీగ ఆ కరెంటును వీధి చివరిదాకా మోస్తుంది.

ప్రశ్న: ఫ్రాంచైజీగా ఉండాలా, సొంత ఐఎస్‌పీ లైసెన్సు తీసుకోవాలా?
— అనకాపల్లి పాఠకురాలు

జవాబు: వెయ్యి కనెక్షన్ల లోపు ఫ్రాంచైజీయే, అంటే లైసెన్సున్న ప్రొవైడరు కింద పనిచేయడమే, నయం. సొంత లైసెన్సు అంటే ఫీజు ఒక్కటే కాదు: ఏజీఆర్ (లైసెన్సు ఫీజుకు ఆధారమయ్యే రాబడి) లెక్కలు, రిటర్నులు, వినియోగదారుల కేవైసీ, ఎవరు ఎప్పుడు నెట్ వాడారో చెప్పే, రెండేళ్ళ పాటు దాచాల్సిన లాగ్‌లు. ఒకే ఐపీ అడ్రసును పదిమందికి పంచితే ఏ సమయాన ఏ పోర్టు ఎవరిదో కూడా రాసి ఉంచాలి, లేకపోతే సైబర్ నేరం నోటీసు వచ్చినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. అయితే ఫ్రాంచైజీ ఒప్పందంలో కస్టమర్ల జాబితా ఎవరిది, విడిపోతే ఓఎల్‌టీ ఎవరికి అన్న రెండూ రాయించుకోండి. ఇంటి కనెక్షను ఒకటి తీసుకుని స్విచ్ పెట్టి వీధికి పంచడం మాత్రం నేరం, అడిగినా చేయకండి.

ప్రశ్న: స్టార్‌లింక్ వస్తే మా పని అయిపోయినట్టేనా?
— పాడేరు పాఠకుడు

జవాబు: స్టార్‌లింక్ ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ; 2025 జూన్‌లో దానికి మన దేశంలో లైసెన్సు వచ్చింది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి సిగ్నల్ వస్తుంది. ఒక ప్రాంతానికున్న సామర్థ్యాన్ని అక్కడి డిష్‌లన్నీ పంచుకుంటాయి కాబట్టి ఇళ్ళు ఒత్తుగా ఉన్న చోట అది ఫైబర్‌తో తూగలేదు. మీ పాడేరు బజారు మీకే ఉంటుంది. స్తంభం కూడా లేని కొండ మీది గూడేనికి మీరు కేబుల్ లాగబోతుంటే మాత్రం ఆ పెట్టుబడి ఇంకొన్నాళ్ళు ఆపండి.