చిన్నీ, కొట్టేసిన ఆ వాక్యం మళ్లీ పెట్టు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన నాలుగు పేజీలు నిన్న రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగాక ఇంకోసారి చదివాను. మీ అపార్ట్‌మెంట్‌లో పదకొండు మంది ఆడవాళ్లు ఒకే నవల చదివి, ఆదివారం సాయంత్రం రెండు గంటలు కూర్చుని మాట్లాడుకున్నారంటే నాకు ఎంత సంతోషమైందో. ముప్పై ఏళ్లు లైబ్రరీ కౌంటర్‌లో కూర్చున్నదాన్ని. పుస్తకం తీసుకెళ్లేవాళ్లు బోలెడుమంది. తిరిగిచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ‘ఇది ఇలా ఉందండీ’ అని చెప్పేవాళ్లు ఎప్పుడూ తక్కువే. వాళ్ల కోసం నేను ఎదురుచూసేదాన్ని.

అందుకే నీ వ్యాసం చూశాక కొంచెం దిగులేసింది. రెండు గంటల మాటల్లోంచి నువ్వు ఏరి పెట్టింది ‘అందరికీ నచ్చింది’, ‘సస్పెన్స్ చివరిదాకా నిలిచింది’, ‘మిస్ మార్పుల్ పాత్ర అద్భుతం’. డిటెక్టివ్ పేరు మారిస్తే ఈ మూడు ముక్కలూ ఏ డిటెక్టివ్ నవల గురించి రాసినా చెల్లుతాయి. ఆగథా క్రిస్టీ 1930లో రాసిన ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ గురించే మీరు మాట్లాడుకున్నారని వాటిని చూసి ఎవరూ చెప్పలేరు. నువ్వు కాయితం చివర పెన్సిల్‌తో రాసుకుని కొట్టేసిన మాటల్లోనే అసలు సరుకంతా ఉంది. కొట్టేసినా కనబడుతున్నాయిలే.

ముందు ఒక పొరపాటు చెప్పాలి. అది దిద్దకపోతే మిగతాదంతా వృథా. ఇంగ్లీషులో రాసేవాళ్లు హత్య చేసింది ఆడో మగో చెప్పకుండానే వాక్యం పూర్తిచేయగలరు. మన క్రియాపదం అలా ఊరుకోదు. ‘చంపాడు’ అని రాస్తే అనుమానితుల్లో ఆడవాళ్లంతా తప్పించుకుంటారు, ‘చంపింది’ అని రాస్తే మగవాళ్లంతా తప్పించుకుంటారు. ‘హంతకుడు’ అన్నా అదే గొడవ. నీ మూడో పేజీలో ఒకచోట ఇలాగే జరిగింది. ఏ వాక్యమో ఇక్కడ రాయను. ఈ ఉత్తరం మీ అమ్మ కూడా చదువుతుంది, తను ఇంకా పుస్తకం సగంలోనే ఉంది. నువ్వు ‘ఎవరు చేశారు’ అని రాయి. ‘చేశారు’లో ఆడా మగా, ఒకరూ నలుగురూ అందరూ ఇముడుతారు. మన భాష మనకిచ్చిన సదుపాయం అది, వాడుకోవాలి.

పేరు చెప్పకపోతే సరిపోతుందనుకోకు. ‘ఫలానా మనిషి మీద అనవసరంగా అనుమానపడ్డాను’ అన్నా సగం గుట్టు బయటపడుతుంది. ‘చివర్లో మతిపోయే మలుపు’ అని రాసినా చదివేవాళ్లు మొదటి పేజీ నుంచీ మలుపు కోసమే కాచుక్కూర్చుంటారు. కథ మొదటి మూడో వంతు వరకు ఏం జరిగినా చెప్పొచ్చు, అక్కడినుంచి నోరు కట్టేసుకోవాలి. నేను లైబ్రరీలో పాటించిన పద్ధతి ఇదే.

ఇందులో నేనింత పట్టుగా ఎందుకున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదమూడేళ్లప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలంటే ప్రాణం. ఒకసారి రెండు వారాలు కాచుకుంటే ఒకటి చేతికొచ్చింది. రెండో పేజీలోనే ఎవరో ఒక పేరు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ‘వీడే’ అని రాసిపెట్టారు. అయినా చదివాను. ప్రతి పేజీలోనూ ఆ ఎర్ర సున్నాయే కనిపించింది. ఆ ఉక్రోషం ఇప్పటికీ తీరలేదు. నీ వ్యాసం వల్ల ఇంకొకరికి అలా కాకూడదు.

ఇక అసలు విషయానికొస్తాను. మిస్టరీ నవల మీద అభిప్రాయం అడిగినప్పుడు అందరూ ‘నేను ముందే కనిపెట్టేశాను’ అనో, ‘అస్సలు ఊహించలేదు’ అనో అంటారు. మీవాళ్లలో ఆరుగురు మొదటిది అన్నారని రాశావు. నిజమే అయ్యుండొచ్చు. కానీ అది చదివేవాళ్లకు పనికిరాదు. నువ్వు వాళ్లని మళ్లీ అడగాల్సింది వేరే: ‘మీరు ఎవరి మాట నమ్మారు? ఏ పేజీ దగ్గర? ఎందుకు నమ్మారు?’ ఎక్కడ మోసపోయామో చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. చెప్పించగలిగితే మాత్రం దానికి మించిన సమీక్ష లేదు, ఎందుకంటే రచయిత్రి పనితనమంతా సరిగ్గా ఆ చోట్లోనే ఉంటుంది.

నా సంగతే చెప్తాను. ఈ నవలలో కథ చెప్పేది సెయింట్ మేరీ మీడ్ అనే ఊరి చర్చి పాస్టరు. మొదటి అధ్యాయంలో ఆయన భోజనాల బల్ల దగ్గర ఉడకబెట్టిన మాంసం కోస్తుంటాడు. అది గట్టిగా ఉంది, చేతిలో కత్తి ఉంది. ఆ కత్తి పట్టుకునే, ఆ ఊరి కల్నల్ ప్రొథెరోని ఎవరైనా చంపేస్తే లోకానికి మేలు చేసినట్టే అనేస్తాడు. ఎంతో కాలం గడవకుండానే ఆ కల్నల్ పాస్టరుగారి సొంత గదిలో, రాసుకునే బల్ల దగ్గర శవమై కనిపిస్తాడు. నేను మొదటిసారి చదివినప్పుడు పాస్టరు చెప్పే ప్రతి మాటా వేదవాక్కు అనుకున్నాను. మంచివాడు, దేవుడి పని చేసేవాడు, పైగా కథ చెబుతున్నాడు. ఆయనకి ఎవరు మంచివాళ్లుగా కనిపిస్తే నాకూ వాళ్లు మంచివాళ్లే. ఆయన ఎవరిని చూసి విసుక్కుంటే నాకూ వాళ్ల మీద విసుగే. నేనే చూస్తున్నాననుకుంటూ ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశానని పుస్తకం మూసేశాక గానీ తెలియలేదు. ఆయన అబద్ధమాడాడని నేననడం లేదు, ఆడలేదనీ అనడం లేదు. ఇలా, గుట్టు జారకుండా, మీ పదకొండు మంది చేతా చెప్పించు.

‘రచయిత్రి మోసం చేసింది’ అని ఒకావిడ కోప్పడిందని రాశావు కదా. ఆ కోపాన్ని తీసెయ్యకు. కానీ ఆవిణ్ణి కూర్చోబెట్టి పుస్తకం మొదటి నుంచి తిరగేయించు. ఆనవాలు అసలు చూపించలేదా, లేక చూపించినా మనం పట్టించుకోలేదా? రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఇది పెద్ద చర్చ. రొనాల్డ్ నాక్స్ అనే రచయిత, ఆయన మతగురువు కూడా, 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆనవాళ్లు పాఠకుడికీ చూపించి తీరాలన్నది వాటిలో ఒకటి. ఈ నవల వచ్చిన 1930లోనే లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. క్రిస్టీ అందులో సభ్యురాలు, 1957 నుంచి అధ్యక్షురాలు. ఆ నియమం దగ్గర పెట్టుకుని చూస్తే మీ ఆవిడ కోపం న్యాయమో కాదో ఆవిడకే తెలుస్తుంది. న్యాయమనే తేలితే అదే రాయి, క్రిస్టీ అని మొహమాటపడకు.

పాత్రలు మరీ ఎక్కువైపోయాయని, పేర్లు గుర్తుండటం లేదని ముగ్గురు అన్నారు. ‘ఇంగ్లీషు పేర్లు అలవాటు లేక’ అని నువ్వు వాళ్ల తరఫున సంజాయిషీ రాశావు. అది తీసెయ్. ఈ నవలలో పాత్రలూ ఉపకథలూ మరీ ఎక్కువయ్యాయని క్రిస్టీయే తన ఆత్మకథలో రాసుకుంది. ఆమె పోయిన మరుసటి ఏడాది, 1977లో, ఆ పుస్తకం అచ్చయింది. అంటే మీవాళ్లు తప్పు సరిగ్గానే పట్టుకున్నారు. అలవాటు లేకపోవడం వాళ్ల లోపం కాదు, లోపం పుస్తకంలోనే ఉంది. కొత్తగా చదివేవాళ్లకి ఒక సాయం చెయ్యి: ఎవరు ఎవరికి ఏమవుతారో చిన్న పట్టీ వ్యాసం చివర పెట్టు.

ఇక మిస్ మార్పుల్, ఈ నవలలో కేసు తేల్చే ముసలావిడ. ఇక్కడ నువ్వు ‘అద్భుతం’ అని ఒక్క మాటతో దాటేయడం నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది. మీ గుంపులో అసలు గొడవ ఆవిడ మీదే జరిగిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ‘ఊళ్లోవాళ్ల గుట్టుమట్లన్నీ ఈవిడకెందుకు?’ అని సగం మంది, ‘మా అమ్మమ్మ అచ్చం ఇలాగే’ అని సగం మంది. ఆ వాదన ఎందుకు వదిలేశావు?

పుస్తకంలోవాళ్లూ అలాగే విడిపోతారు, చూడు. పాస్టరు భార్య గ్రిసెల్డాకి మొదట్లో ఆవిడంటే పడదు, ఊళ్లోకెల్లా గయ్యాళి ఆవిడే అనేస్తుంది. పాస్టరుకి మాత్రం ఆవిడలో కాస్త హాస్యం ఉందని ఇష్టం. ఆవిడ తోట పాస్టరుగారింటి సందు పక్కనే. మొక్కలు చూసుకుంటూ, పక్షుల్ని చూసే దుర్భిణి పట్టుకుని, ఆ దారిన ఎవరు ఏ వేళ పోతున్నారో గమనిస్తూ ఉంటుంది. తుపాకీ లేదు, కారు లేదు, పోలీసుల్లో పరపతి లేదు. ఉన్నదల్లా ఊరిలో దశాబ్దాలుగా చూసిన చిన్నచిన్న సంగతులు: మారిపోయిన దగ్గుబిళ్లలు, మాంసం కొట్టువాడి పెళ్లాం గొడుగు. అలాంటిదొకటి గుర్తొచ్చి, ఈ మనిషి ఆ మనిషిలాగే ప్రవర్తిస్తోంది కదా అనుకుంటుంది. అదే ఆవిడ పద్ధతి. క్రిస్టీ తన అమ్మమ్మ గురించి కూడా ఇలాంటిదే రాసింది, ఎవరి గురించైనా చెడే ఊహించేదట, చాలాసార్లు అదే నిజమయ్యేదట.

గుట్టుమట్లు ఆవిడకెందుకు అన్నవాళ్లని ఒక ప్రశ్న అడుగు. రిటైరైన పెద్దమనిషి ఒకాయన అరుగు మీద కూర్చుని ఇవే సంగతులు గమనిస్తే ‘పరిశీలన’ అంటామా, ‘ఆరాలు’ అంటామా? జవాబు ఏదైనా రాయి. ఆ ఊరివాళ్లు ముసలావిడని తేలిగ్గా తీసుకున్నారు. మనమూ తీసుకున్నామా లేదా అన్నదే ఈ నవల మనకి పెట్టే పరీక్ష అని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క జాగ్రత్త, ‘తొలి మహిళా డిటెక్టివ్’ అని రాశావు, అది సరికాదు. అమెరికాలో ఆనా కేథరిన్ గ్రీన్ 1897 నాటికే అమీలియా బటర్‌వర్త్ అనే అవివాహిత చేత హత్య కేసు శోధింపజేసింది. మిస్ మార్పుల్ కూడా ఈ నవలకి ముందే, 1927లో, పత్రికలో కథగా వచ్చింది. నవలగా ఆవిడకిది మొదటిది, అంతవరకే.

వంటమనిషి మేరీని వెక్కిరింతగా రాశారని బాధపడ్డావిడ మాట తప్పకుండా ఉంచు. పనివాళ్లని ఆ కాలపు ఇంగ్లీషు నవలలు ఎలా చూశాయో అది చెప్తుంది. నేను మూడుసార్లు చదివినా దాని గురించి ఆలోచించలేదు, ఆవిడ వల్లే ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

‘ఎవరు చంపితే ఏంటి, నాకు ఆసక్తి లేదు’ అన్న అమ్మాయిని కూడా వదలకు. ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు 1945లో సరిగ్గా ఈ మాటే పెద్ద వ్యాసంగా రాశాడు. మూడేళ్ల తర్వాత కవి ఆడెన్, ఈ నవలలు తనకి పొగాకులా వ్యసనమని ఒప్పుకుంటూ ఇంకో వ్యాసం రాశాడు. అంత చదువుకున్నవాళ్లే చెరోవైపు ఉంటే, మీ పదకొండు మందిలో ఒకరు ఒప్పుకోకపోతే వచ్చిన నష్టమేముంది?

చివరగా, నువ్వు కొట్టేసిన వాక్యం. రెండో అంతస్తు అమ్మగారు, డెబ్బై ఎనిమిదేళ్లావిడ, అన్నారట: ‘మా ఆయన కూడా హాల్లో గడియారం పది నిమిషాలు ముందుకి పెట్టేవారు, ఆఫీసుకి ఆలస్యం కాకూడదని. ఆ పోలీసాయన ఇంట్లోవాళ్లని ఒక్క మాట అడగొచ్చు కదా.’ పక్కన నువ్వు ‘సంబంధం లేదు’ అని రాసుకున్నావు. చిన్నీ, ఆ నవలలో పాస్టరు గది గడియారం పావుగంట ముందుకే ఉంటుంది, అదీ వేళకి అందుకోవడానికే. హత్య జరిగిన గదిలో అది పడిపోయి 6.22 దగ్గర ఆగిపోయింది. ఆ సంగతి చెప్పబోతే ఇన్‌స్పెక్టర్ స్లాక్ పాస్టరు నోరు మూయించాడు. అమ్మగారు తన ఇంటి గడియారం గుర్తు తెచ్చుకుని, అక్కణ్నుంచి ఆ పోలీసు తొందరపాటుని పట్టుకున్నారు. మిస్ మార్పుల్ చేసేదీ అదే కదా. ఆవిడ మాటని నువ్వూ ఆ ఇన్‌స్పెక్టర్‌లాగే పక్కన పెట్టేశావు.

వ్యాసం ఆ వాక్యంతో మొదలుపెట్టు, ఆవిడ మాటలు మార్చకుండా. వచ్చే ఆదివారం లోపు రెండో ప్రతి పంపు, శ్రద్ధగా చదువుతాను. కళ్లజోడు నంబరు మారింది, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింట్ తియ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ