పాట నీ డిస్క్‌లో ఉండాలంటే

చి. కార్తీక్‌కు అత్తయ్య ఆశీస్సులు.

విదేశీ పాప్, రాక్ పాటలు దొంగదారి పట్టకుండా ఫైళ్ళుగా ఎక్కడ దొరుకుతాయని అడిగావు. ఫోన్‌లో రెండు మాటల్లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి తేల్చుకో. స్పాటిఫైలో డౌన్‌లోడ్ నొక్కితే నీ ఫోన్‌లోకి వచ్చేది తాళం వేసిన ఫైలు. ఆ యాప్ తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. 30 రోజులకొకసారైనా ఇంటర్నెట్‌కు తగిలించకపోతే పాడదు. ప్రీమియం ఆపేస్తే అసలే పాడదు. స్పాటిఫైకీ లేబుల్‌కీ, అంటే పాటను విడుదల చేసిన సంస్థకీ, ఒప్పందం చెడితే నువ్వు నెలనెలా డబ్బు కడుతున్నా పాట పేరు బూడిదరంగులోకి తిరిగి కూర్చుంటుంది. యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్‌ల పద్ధతీ దాదాపు ఇంతే. అవి చెడ్డవని కాదు, కొత్త బ్యాండ్‌లను వెతుక్కోవడానికి వాటిని మించినవి లేవు. నా సలహా ఏమిటంటే, ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా మూడోసారి విన్నావంటే దాన్ని కొనెయ్. మిగతావి అక్కడే విను.

కొనడానికి మొదట చూడాల్సింది బ్యాండ్‌క్యాంప్ అనే సైట్. 2008 నుంచి ఉంది. పెద్ద లేబుళ్ళ సూపర్‌స్టార్లు అక్కడ పెద్దగా కనబడరు గానీ, స్వతంత్ర రాక్, మెటల్, ఇండీ పాప్‌కు అదే పెద్ద సంత. ముందు నీ ఈమెయిల్‌తో అభిమాని ఖాతా తెరువు. ఖాతా లేకుండానూ కొనొచ్చు, కానీ అప్పుడు డౌన్‌లోడ్ లింకు ఈమెయిల్‌కు వస్తుంది. ఈమెయిల్‌లో ఒక అక్షరం తప్పు కొట్టావంటే లింకు ఎవరికో పోతుంది. ఆల్బమ్ పేజీలో డిజిటల్ ఆల్బమ్ కొనే బటన్ నొక్కి డబ్బు కట్టాక, ఏ ఫార్మాట్ కావాలో అడుగుతుంది: ఎంపీ3, ఫ్లాక్, ఏఏసీ, వేవ్ వగైరా. ఫ్లాక్ తీసుకో, అందులో శబ్దం ఏమీ పోదు. రేపు ఎంపీ3 కావాలంటే అదే పేజీ నుంచి మళ్ళీ దింపుకోవచ్చు, ఇంకోసారి డబ్బు అడగరు. ఇదంతా బ్రౌజర్‌లో చెయ్యి. వాళ్ళ ఫోన్ యాప్‌లో డౌన్‌లోడ్ చేస్తే పాట యాప్‌లోపలే ఉంటుంది, నీకు ఫైలు దొరకదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

కొన్ని ఆల్బమ్‌ల దగ్గర ధర నీ ఇష్టం అని ఉంటుంది. కనీస ధర పెట్టకపోతే సున్నా కొట్టినా ఫైలు ఇస్తారు, అది పూర్తిగా చట్టబద్ధమే. ప్రీ-ఆర్డర్ అయితే విడుదల రోజు దాకా ఒకటి రెండు పాటలే వస్తాయి, మోసపోయానని గోల చెయ్యకు. మామూలు రోజుల్లో డిజిటల్ అమ్మకంలో 15 శాతం సైట్ తీసుకుంటుంది. 2020 మార్చి నుంచి ‘బ్యాండ్‌క్యాంప్ శుక్రవారం’ అని ముందే ప్రకటించే కొన్ని శుక్రవారాల్లో మాత్రం ఆ వాటా వదులుకుంటుంది. ఆ శుక్రవారం అమెరికా పశ్చిమ తీరం గడియారం ప్రకారం నడుస్తుంది. అంటే మనకు వేసవి నెలల్లో శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి శనివారం 12:30 దాకా, చలికాలంలో ఒక గంట ఆలస్యంగా. పొద్దున్నే లేచి కొంటే మామూలు రోజున కొన్నట్టే. ఇంకొకటి, పేజీ ఆ బ్యాండ్‌దేనా కాదా అని అనుమానమొస్తే వాళ్ళ అసలు వెబ్‌సైట్ నుంచి ఆ పేజీకి లింకు ఉందేమో చూడు.

బ్యాండ్‌క్యాంప్‌లో లేని పెద్ద పేర్లకు యాపిల్ వాళ్ళ ఐట్యూన్స్ స్టోర్. మన దేశంలో 2012 డిసెంబర్ నుంచి ఉంది. పాటలు 256 కేబీపీఎస్ (సెకనుకు అన్ని కిలోబిట్లు) ఏఏసీ ఫైళ్ళు, 2009 నుంచి వాటికి తాళం లేదు. మ్యాక్‌లో అయితే మ్యూజిక్ యాప్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఐట్యూన్స్ స్టోర్ చూపించు అన్న చోట టిక్ పెడితేనే అది బయటపడుతుంది. విండోస్‌లో ఐట్యూన్స్ ఉంది. కొన్నాక పేరు పక్కన మబ్బు గుర్తు కనబడితే ఫైలు ఇంకా దిగలేదని అర్థం, దాన్ని నొక్కు. ఆ ఫైళ్ళలో నీ పేరూ ఈమెయిలూ రాసి ఉంటాయి, అందుకని పీజీలో అందరికీ పంచకు. యూపీఐతో కట్టొచ్చు కాబట్టి కార్డు గొడవ లేదు. మన దేశపు ఖాతాకు మన దేశపు స్టోరే కనిపిస్తుంది, అందులో లేని ఆల్బమ్ లేనట్టే. వీపీఎన్ పెట్టి అమెరికా దుకాణంలో దూరదామనుకోకు. అది వాళ్ళ నియమాలకు విరుద్ధం, పైగా కార్డు చిరునామా దగ్గర ఎలాగూ ఆగిపోతుంది.

మెటాలికా, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ లాంటివాళ్ళ కచేరీల అధికారిక రికార్డింగులు నగ్స్ అనే సైట్‌లో అమ్ముతారు. ఒక్కో రాత్రి కచేరీ ఒక్కో ఆల్బమ్.

ఇక విదేశీ సైట్లలో డబ్బు కట్టే దగ్గర తొంభై శాతం తిప్పలు ఒకటే. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులకు విదేశీ వాడకం మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం తెరువు, పరిమితి రెండువేలు పెట్టు, కొన్నాక మళ్ళీ మూసెయ్. మామూలు రూపే డెబిట్ కార్డులు చాలావరకు విదేశీ సైట్లలో నడవవు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ కావాలి. తిరస్కరించాక అదే కార్డుతో ఐదారుసార్లు ప్రయత్నించకు, బ్యాంకు అనుమానపడి కార్డునే ఆపేస్తుంది. డాలర్లలో కట్టాలా రూపాయల్లోనా అని దుకాణం అడిగితే డాలర్లే ఎంచుకో, వాళ్ళు వేసే మారకం రేటు సాధారణంగా బ్యాంకు రేటుకన్నా ఘోరంగా ఉంటుంది. విదేశీ చెల్లింపు మీద బ్యాంకు వేసుకునే మార్కప్ 3.5 శాతం అనుకుంటే 900 రూపాయల ఆల్బమ్‌కు 31.50, దానిమీద 18 శాతం జీఎస్టీ 5.67, వెరసి 37 రూపాయల పైచిలుకు. ఇది దుకాణం బిల్లులో కనిపించదు, కార్డు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది.

ఉచితంగా, న్యాయంగా దొరికేవీ బోలెడున్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2002 నుంచి లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ అనే విభాగం నడుస్తోంది. కచేరీలను అభిమానులు రికార్డు చేసి, డబ్బు తీసుకోకుండా పంచుకోవడానికి ఒప్పుకున్న బ్యాండ్‌లవే అందులో ఉంటాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ ఒక్కళ్ళవే వేల రికార్డింగులు. ఒకే కచేరీకి నాలుగైదు రికార్డింగులు కనబడితే కంగారుపడకు. సౌండ్‌బోర్డ్ అని ఉంటే మిక్సర్ నుంచి నేరుగా తీసింది, ఆడియన్స్ అని ఉంటే జనం మధ్య మైకు పెట్టి తీసింది, మ్యాట్రిక్స్ అంటే రెండూ కలిపింది. గ్రేట్‌ఫుల్ డెడ్ సౌండ్‌బోర్డ్‌లను 2005 నుంచి వినడానికే ఇస్తున్నారు, దింపుకోవడానికి ఆడియన్స్ రికార్డింగులే. డౌన్‌లోడ్ బటన్ కనబడలేదంటే సైట్ చెడిపోలేదు, బ్యాండ్ ఒప్పుకోలేదు. పాటలతో పాటు వచ్చే టెక్స్ట్ ఫైలు పారెయ్యకు, ఏ మైకుతో ఎక్కడినుంచి తీశారో అందులోనే ఉంటుంది. అయితే ఆ సైట్‌లో మిగతా చోట్ల ఎవరైనా ఏదైనా ఎక్కించొచ్చు. ఎవరో ఎక్కించిన కంపెనీ ఆల్బమ్ దొరికిందని సంబరపడకు.

ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, జమెండోలలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పాటలు, అంటే కొన్ని షరతుల మీద వాడుకోమని కళాకారులే ముందుగా అనుమతించినవి, దొరుకుతాయి. వినడానికి అన్నీ సరే. నీ ట్రెక్కింగ్ వీడియోలకు వాడాలంటే మాత్రం అక్షరాలు చూడు. బీవై అంటే కళాకారుడి పేరు వెయ్యాలి. ఎన్‌సీ ఉంటే డబ్బులొచ్చే ఛానల్‌లో వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చకూడదు, వీడియోకు జోడించడం కూడా మార్పు కిందే లెక్క. లైసెన్సు పేజీని ఫోటో తీసి పెట్టుకో.

సీడీలను మర్చిపోకు. బెంగళూరులోనే చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లోనూ చిక్‌పేట వైపు ఆదివారం సంతలోనూ ఓ కన్నేసి ఉంచు. సీడీ డ్రైవ్ కోసం ఎలక్ట్రానిక్స్ అమ్మే ఎస్పీ రోడ్డుకు పరిగెత్తకు, మా ఇంట్లోది పట్టుకెళ్ళు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం వేసుకుని సెక్యూర్ మోడ్‌లో ఫ్లాక్‌గా తియ్యి. అందులోని అక్యురేట్‌రిప్ సరిపోయిందని చెబితే నీ కాపీ ఇతరులు తీసిన కాపీలతో కలిసిందన్నమాట. సీడీ కొనేముందు రెండువైపులా చూడు. మెరిసే వైపు సన్నగీతలు చాలావరకు పర్వాలేదు. బొమ్మ ఉన్న వైపు లోతుగా గీసుకుపోతే పాట పోయినట్టే, ఎందుకంటే సమాచారం ఉన్న పొర ఆ రంగు కిందే ఉంటుంది. తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకు తుడువు, గుండ్రంగా తిప్పి తుడవకు. సొంతంగా వినడానికి తీసుకునే కాపీకి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో చోటుంది, స్నేహితులకు పంచడానికి కాదు.

అదే చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. పాత రాక్ పాటలన్నీ ఉచితమని ఎవరైనా చెబితే నమ్మకు. మన దగ్గర రికార్డింగుకు 60 ఏళ్ళ రక్షణ తీరినా, ఆ పాట రాసినవాళ్ళ, స్వరపరిచినవాళ్ళ హక్కు వాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళుంటుంది.

యూట్యూబ్ నుంచి ఎంపీ3 చేసిచ్చే సైట్లు ఇంకా దండగ. నియమాల సంగతి అటుంచు, అక్కడి ఆడియోనే సుమారు 128 నుంచి 160 కేబీపీఎస్. దాన్ని 320గా మార్చి ఇస్తే ఫైలు లావెక్కుతుంది గానీ పోయిన శబ్దం తిరిగిరాదు. అనుమానమున్న ఏ ఫైలునైనా స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో తెరువు. అది పాటలోని శబ్దాల పౌనఃపున్యాలను బొమ్మగా చూపిస్తుంది. ఆ బొమ్మ 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే అది చాలావరకు 128 నుంచి వచ్చిందే, పేరులో ఫ్లాక్ అని ఉన్నా సరే.

చోటు లెక్క చూస్తే, 320 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ, 45 నిమిషాల ఆల్బమ్ 108 ఎంబీ. సీడీ నాణ్యత ఫ్లాక్ సుమారు 300. ఫ్లాక్ దాచుకో, ఫోన్‌కూ కారుకూ దానినుంచి ఎంపీ3 చేసుకో. సీడీని మించిన నాణ్యత అని అమ్మే 24-బిట్ ఫైళ్ళ కోసం ఎక్కువ డబ్బు పెట్టకు, బస్సులో ఇయర్‌ఫోన్లకు అది వృథా.

కారులో పెన్‌డ్రైవ్ పనిచేయలేదంటే మూడు కారణాలు చూడు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, చాలా స్టీరియోలకు ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. బ్యోర్క్, సిగుర్ రోస్ లాంటి పేర్లలో పైన చుక్కలో గీతలో ఉన్న అక్షరాలు ప్రశ్నార్థకాలైతే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంలో, ట్యాగులకు (ఫైలులో రాసి ఉండే పాట, కళాకారుల వివరాలకు) ఐడీ3 2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని మళ్ళీ సేవ్ చెయ్యి. పాటల వరుస తప్పితే ఫైలు పేరు ముందు 01, 02 అని పెట్టి, ఒక్కో ఆల్బమ్‌ను వరుసగా కాపీ చెయ్యి. కొన్ని స్టీరియోలు పేరు కాకుండా కాపీ అయిన క్రమాన్నే చూస్తాయి. కవర్ బొమ్మ 500 పిక్సెళ్ళ జేపెగ్ చాలు. ట్యాగులే లేని ఫైళ్ళకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ప్రోగ్రాం వాడు, కానీ అది ఒక్కోసారి అసలు ఆల్బమ్‌ను వదిలి ఏదో సంకలనం పేరు తగిలిస్తుంది, సేవ్ చేసేముందు చూసుకో.

కొన్నది అక్కడే ఉంటుందిలే అని ఊరుకోకు. ఫ్లిప్‌కార్ట్ 2012లో తెరిచిన ఫ్లైట్ అనే ఎంపీ3 దుకాణం 2013 జూన్‌లో మూతపడింది, గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో పోయింది. కొన్న రోజే దింపు, రశీదు పీడీఎఫ్ ఆ ఫోల్డర్‌లోనే పెట్టు, రెండు డిస్క్‌ల్లో ఉంచు. రెండూ పీజీలోనే పెడితే దొంగ వచ్చినప్పుడు రెండూ పోతాయి. సీడీ డ్రైవ్ కోసం మల్లేశ్వరం వస్తావు కదా, రెండో డిస్క్ అప్పుడే తెచ్చి మా బీరువాలో పెట్టిపో.

ఇట్లు,
మీ అత్తయ్య