డార్విన్ నుంచి బ్రూమ్‌కి టెంటుతో వెళ్లాలనుకునే జంటకు: నీళ్లను చూసి ప్లాన్ వేసుకోండి

మెల్‌బోర్న్‌లో ఉంటున్నామని, మూడు వారాల సెలవు దొరికిందని, ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నుంచి వాయవ్య తీరంలోని బ్రూమ్ దాకా కారులో టెంట్ వేసుకుంటూ వెళ్లాలని ఉందని రాశారు. ఏ నెల మంచిది, మొసళ్లున్న చోట టెంటులో పడుకోవచ్చా, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పదా, ఇంట్లో పెద్దవాళ్ల టెన్షన్ ఎలా తగ్గించాలి అన్నవి మీ ప్రశ్నలు. నేనూ మావారూ ఇదే దారిలో వెళ్లొచ్చాం, అందుకే వివరంగా రాస్తున్నాను. తప్పకుండా వెళ్లండి. ఇద్దరే ఉన్నప్పుడు, మోకాళ్లు బాగున్నప్పుడు చేయాల్సిన ప్రయాణం ఇది.

కాకపోతే కిలోమీటర్లు లెక్కపెట్టుకుని, రోజుకు ఇన్ని అని పంచుకుని బయల్దేరకండి. అక్కడ ఏ దారి తెరిచి ఉంటుంది, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాం, ఎక్కడ స్నానం చేస్తాం అన్నవన్నీ నీళ్లే తేలుస్తాయి.

ముందు నెల సంగతి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుఫాన్లు. వాగులు పొంగితే రోడ్లు వారాల తరబడి మూసేస్తారు. 2023 జనవరిలో వచ్చిన వరదకు బ్రూమ్ దారిలోని ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ ఊరి దగ్గర హైవే వంతెన దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి; కొత్త వంతెన తెరిచేసరికి ఆ ఏడాది డిసెంబరు వచ్చింది. అందుకని మే నెలాఖరు నుంచి ఆగస్టు లోపు పెట్టుకోండి. జూన్, జూలై అయితే పగలు 30 డిగ్రీలు దాటినా గాలి పొడిగా హాయిగా ఉంటుంది. దారిలో పడమటి సగమైన కింబర్లీ ప్రాంతంలో మాత్రం రాత్రిళ్లు చలేస్తుంది, పల్చటి దుప్పటి చాలదు. సెప్టెంబరు దాటితే ఎండలు మండిపోతాయి, జలపాతాలు సన్నబడతాయి. డార్విన్‌కు తూర్పున ఉన్న కకడూ నేషనల్ పార్కు ప్రాంతపు మూలవాసులైన బినింజ్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కేస్తారు. మీకు కావాల్సింది వాళ్లు వుర్ర్‌గెంగ్ అనే చలికాలం, అంటే సుమారుగా జూన్ నుంచి ఆగస్టు మధ్య వరకు. ఆరు రుతువులంటే మనకు ఎంత దగ్గరగా అనిపిస్తుందో చూడండి.

బండి విషయానికొస్తే, లిచ్‌ఫీల్డ్ పార్కు, కకడూలో చాలా భాగం, కేథరిన్, కునునర్రా, అక్కడి నుంచి హైవే మీదుగా బ్రూమ్, ఇదంతా మామూలు కారులోనే అయిపోతుంది. హైవే వదిలి కింబర్లీ మధ్యలోంచి పోయే గిబ్ రివర్ రోడ్డు అనే మట్టిదారి మీద వెళ్లాలంటే మాత్రం ఎత్తున్న ఫోర్ వీల్ డ్రైవ్ తప్పదు. అద్దెకు తీసుకునేటప్పుడు ఒప్పందం పూర్తిగా చదవండి. గిబ్ రోడ్డుకు రాతపూర్వకంగా అనుమతి ఉందా, వాగులో నీళ్లు ఇంజిన్‌లోకి పోతే ఎవరు కట్టాలి, చీకటి పడ్డాక ఊరి బయట నడపొచ్చా, ఈ మూడూ ముఖ్యం. చాలా కంపెనీలు రాత్రి డ్రైవింగ్‌కి ఒప్పుకోవు. అది మన మంచికే. పొద్దుగూకే వేళ వాలబీలు (చిన్న కంగారూలు), కంచె లేని పశువులు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. సాయంత్రం నాలుగున్నరకల్లా టెంటు వేసేయాలన్నది మేం పెట్టుకున్న నియమం. దానివల్ల వెలుతురుండగానే వంట అయిపోయేది, తర్వాత కూర్చుని మాట్లాడుకోవడానికి బోలెడంత సమయం మిగిలేది.

ఎదురుగా రోడ్ ట్రైన్, అంటే వరసగా ట్రైలర్లు తగిలించిన భారీ లారీ వస్తే వేగం తగ్గించి ఎడమకు జరగండి. వాటి పొడవు 53 మీటర్ల దాకా ఉంటుంది. దాటేయాలనుకుంటే ముందు కిలోమీటరుకు పైగా ఖాళీ కనిపించాలి, లేకపోతే వెనకాలే ఓపిగ్గా వెళ్లండి.

ఇక మొసళ్లు. భయపడండి, తప్పులేదు. అయితే భయంతో పాటు నియమాలు కూడా తెలియాలి. అక్కడ రెండు రకాలున్నాయి. మంచినీటి మొసలి చిన్నది, సన్నటి మూతి. రెచ్చగొట్టకపోతే సాధారణంగా మన జోలికి రాదు. ఉప్పునీటి మొసలి అలా కాదు. పేరుకే ఉప్పునీటిది, నది వెంట సముద్రానికి చాలా దూరం లోపలికి, మంచినీటి మడుగుల్లోకి కూడా వచ్చేస్తుంది. ఐదు మీటర్లు పెరిగినవి ఉంటాయి. ఒకప్పుడు తోళ్ల కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో 1971లో రక్షణ చట్టం వచ్చాక మళ్లీ పెరిగాయి. టెంటు ఎప్పుడూ నీటి అంచుకు కనీసం 50 మీటర్ల దూరంలో వేయండి. గిన్నెలు, చేపలు నీటి ఒడ్డున కడగొద్దు. నీళ్లు పట్టుకోవడానికి రోజూ ఒకే చోటికి వెళ్లొద్దు, మొసలి గమనిస్తుంది. ఈత కొట్టొచ్చని రేంజర్లు తెరిచిన చోట తప్ప ఎక్కడా దిగొద్దు. హెచ్చరిక బోర్డు లేదంటే దిగొచ్చని అర్థం కాదు. ప్రతి ఏడాదీ వానలు వెళ్లాక రేంజర్లు మడుగుల్లో వెతికి, బోనులు పెట్టి, ఆ తర్వాతే ఈతకు తెరుస్తారు.

వాటిని దగ్గర నుంచి చూడాలంటే కకడూలో కాహిల్స్ క్రాసింగ్‌కి వెళ్లండి. ఈస్ట్ అలిగేటర్ నదిని దాటే కాంక్రీటు బాట అది, అవతల మూలవాసుల భూమి ఆర్నెమ్ ల్యాండ్; అటు వెళ్లాలంటే విడిగా పర్మిట్ కావాలి. పోటు వచ్చే వేళకు ఒడ్డున కట్టిన ప్లాట్‌ఫాం మీద నిలబడండి. కింద నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, ఎగువకు పారడం మొదలవుతుంది. నీటితో పాటు చేపలు బాట మీదుగా దూకుతాయి. అప్పటిదాకా దుంగల్లా పడున్న మొసళ్లు ప్రవాహానికి ఎదురుగా నోళ్లు తెరుచుకుని వరసగా నిలబడతాయి. దవడ మూసిన చప్పుడు ప్లాట్‌ఫాం దాకా వినిపించింది. అది చూశాక మా ఇద్దరికీ నీటి అంచు గురించి ఇంకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. అక్కడికి దగ్గర్లోనే ఉబిర్ ఉంది. వేల ఏళ్లనాటి రాతి చిత్రాలు చూసి, సూర్యాస్తమయానికి కొండ మీదికెక్కితే వరద మైదానం పచ్చగా కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. కకడూకి మూడు రోజులన్నా ఇవ్వండి. ఎల్లో వాటర్ మడుగులో పడవ ప్రయాణం తెల్లవారుజాముది బుక్ చేసుకోండి.

కేథరిన్ దగ్గర జావోయిన్ ప్రజల నిట్మిలుక్ గార్జ్ (నది కోసిన ఇరుకు లోయ) చూశాక, దక్షిణంగా మటరాంకా దాకా వెళ్తే బిట్టర్ స్ప్రింగ్స్ వస్తుంది. గోరువెచ్చటి నీలం ఊటలో ఒళ్లు వదిలేస్తే అదే మెల్లగా తీసుకెళ్తుంది. వారమంతా నీళ్లకు దూరంగా ఉన్న ప్రాణానికి ఎంత సుఖమో!

అక్కడి నుంచి పడమరకు విక్టోరియా హైవే, కునునర్రాకు 500 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో బోయబ్ చెట్లు మొదలవుతాయి. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న ఆ పేద్ద ఏనుగు చెట్టు మీరు చూసుంటే వెంటనే గుర్తుపడతారు, దానికి ఇవి దాయాదులే. వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దులో క్వారంటైన్ చెక్‌పోస్టు ఉంటుంది. పళ్లు, కూరగాయలు, తేనె, విత్తనాలు, మొక్కలు అటు తీసుకుపోనివ్వరు. మన వంటకు ఇదే అసలు పరీక్ష. ముందు రోజు రాత్రి టింబర్ క్రీక్‌లో ఆగి ఉన్నవన్నీ ముందేసుకున్నాం. టమాటాలు, పచ్చిమిర్చి, వంకాయలు కుక్కర్లో కందిపప్పుతో కలిపి పెట్టేశాం. మిగిలిన కరివేపాకంతా పోపులో పడింది. విజిల్ వినగానే పక్క క్యారవాన్‌లోంచి ఒక పెద్దాయన, ఆయన భార్య కంగారుగా తొంగి చూశారు. రిటైరయ్యాక ఏడాదంతా ఇలా తిరిగే జంటలు అక్కడ ఎక్కువ. ఇద్దరినీ పిలిచి అన్నం, పప్పు పెట్టాం. గిబ్ రోడ్డులో ఏ వాగు ఎంత లోతుందో, ఎక్కడ గులకరాళ్లు పెద్దవో, టైర్లలో గాలి ఎంత ఉంచాలో ఆ పూటే ఆయన కాగితం మీద రాసిచ్చారు. మాకు ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులవి. కాబట్టి చింతపండు, పప్పులు, పొడులు, చిన్న కుక్కరు తీసుకెళ్లండి, తాజా సరుకు కునునర్రాలో మళ్లీ కొనుక్కోండి. సరిహద్దు దాటగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పాలి, దాంతో చీకటి తొందరగా పడినట్టుంటుంది. అక్కడ టెంటు కూడా ఆ మేరకు ముందుగానే వేసేయండి.

గిబ్ రివర్ రోడ్డు సుమారు 660 కిలోమీటర్లు. పశువులను రేవుకు తరలించడానికి వేసిన దారి ఇది. వరస గతుకుల మీద బండి వణుకుతూనే ఉంటుంది. టైర్లలో గాలి కొంత తగ్గించి, 60, 70 దాటకుండా వెళ్లండి. స్టెప్నీ ఒకటి చాలదు, రెండుండాలి. గాలి నింపుకునే చిన్న కంప్రెసర్ కూడా పెట్టుకోండి. ఇంకో మాట, టైరు మార్చడం, ఫోర్ వీల్ డ్రైవ్‌ని లో రేంజ్ గేరులో పెట్టడం మీ ఇద్దరికీ రావాలి. ఒకరికే వచ్చి, వాళ్లకే జ్వరమొస్తే ఏం చేస్తారు? తాగడానికే మనిషికి రోజుకు 5 లీటర్ల లెక్కన నీళ్లు, పైన రెండు రోజులకు అదనంగా బండిలో ఉండాలి.

కునునర్రా వైపు నుంచి వెళ్తే మొదట్లోనే పెంటెకోస్ట్ నది వస్తుంది. మామూలుగా వాగు దాటేముందు ఎవరో ఒకరు నడిచి లోతు చూడాలంటారు. ఇక్కడ ఆ పని చేయకూడదు, ఉప్పునీటి మొసళ్లుంటాయి. ఇంకో బండి వచ్చేదాకా ఆగాం. అది దాటుతుంటే నీళ్లు చక్రంలో ఎంతవరకు వస్తున్నాయో, ఏ గీత మీద వెళ్తున్నదో మావారు చూశారు, నేను ఫోన్‌లో వీడియో తీశాను. అప్పుడు నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. లో రేంజ్, రెండో గేరు, మధ్యలో గేరు మార్చకుండా, ఆగకుండా, ఒకే వేగంతో. చక్రాల కింద గుండ్రాళ్లు దొర్లుతుంటే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకుంటుంది, గట్టిగా బిగించకుండా పట్టుకోవాలి. అవతలి గట్టు ఎక్కి వెనక్కి చూస్తే కాక్‌బర్న్ కొండలు సాయంత్రపు ఎండకు ఎర్రగా ఉన్నాయి. నీళ్లు ఎక్కువున్నాయనిపిస్తే వెనక్కి తిరగడమే. హైవే మీదుగా బ్రూమ్‌కి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు తారు రోడ్డుంది, అటు వెళ్లినా ట్రిప్పేం చెడిపోదు. అటైతే బంగిల్ బంగిల్ కొండలున్న పర్నులులు పార్కు చూడొచ్చు. హైవే నుంచి లోపలికి 53 కిలోమీటర్ల కఠినమైన బాట, దానికీ ఫోర్ వీల్ డ్రైవే.

గిబ్ మీద మానింగ్ గార్జ్, బెల్ గార్జ్ రెండింటిలో కనీసం ఒకటి చూడండి. పెట్రోలు, డీజిలు మౌంట్ బార్నెట్‌లో దొరుకుతాయి, ధర చూసి వెనకాడకుండా ట్యాంకు నింపుకోండి. బెల్ గార్జ్ ఉన్న కొండల వరసకు బెల్జియం రాజు లియోపోల్డ్ పేరుండేది. 2020లో దాన్ని తీసేసి, అక్కడి ప్రజల మాటల్లో వునామిన్ మిలివుండి అని పెట్టారు. మంచి పని చేశారు.

చివర్లో విండ్జానా గార్జ్, టన్నెల్ క్రీక్ ఉన్నాయి. టన్నెల్ క్రీక్‌కి నా లెక్కలో సగం రోజన్నా ఇవ్వాలి. టార్చి పట్టుకుని, మోకాలి లోతు చల్లటి నీళ్లలో, కొండ కింద 750 మీటర్లు నడవాలి. నెత్తి మీద గబ్బిలాలు. ఇక్కడి మూలవాసులైన బునుబా ప్రజల వీరుడు జందమర్రా తలదాచుకున్న గుహ ఇది. మొదట పోలీసుల దగ్గర జాడలు పట్టే ట్రాకర్‌గా పనిచేసి, 1894లో వాళ్లకే ఎదురుతిరిగి, గొలుసులతో కట్టేసిన తనవాళ్లను విడిపించి, మూడేళ్లు ఈ కొండల్లో పోరాడాడు. 1897లో ఇక్కడే కాల్చి చంపారు. ఆ కథ చదువుతుంటే మాకు అల్లూరి సీతారామరాజు గుర్తుకొచ్చారు. వెళ్లేముందు ఆ చరిత్ర కాస్త చదువుకోండి, చూసే చూపే మారిపోతుంది. పవిత్ర స్థలమని, లోపలికి రావొద్దని, ఫోటో తీయొద్దని రాసున్న చోట ఆ మాట పాటించండి.

సముద్రం సంగతి. డార్విన్‌లో సముద్ర స్నానం ఆశ పెట్టుకోవద్దు. అక్టోబరు నుంచి మే దాకా బాక్స్ జెల్లీఫిష్, మొసళ్లేమో ఏడాది పొడుగునా. బ్రూమ్ కేబుల్ బీచ్‌లో వానలు లేని పొడి నెలల్లో హాయిగా దిగొచ్చు, కాకపోతే ఆ రోజు బీచ్ తెరిచారో లేదో చూసుకోండి. జెల్లీఫిష్ కుట్టిందనిపిస్తే రుద్దకుండా కనీసం 30 సెకన్లు వెనిగర్ పోసి, అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. ఒక సీసా బండిలో పెట్టుకోండి. ఆ తీరంలో ఆటుపోట్లు చాలా పెద్దవి, డెర్బీలో 11 మీటర్ల దాకా ఉంటాయి. గాంథోమ్ పాయింట్ దగ్గర 13 కోట్ల ఏళ్లనాటి డైనోసార్ అడుగుజాడలు బాగా ఆటు ఉన్నప్పుడు మాత్రమే బయటపడతాయి. పౌర్ణమి రోజుల్లో రోబక్ బే బురద మీద వెన్నెల మెట్లలా కనిపించేదీ అప్పుడే. కాబట్టి బ్రూమ్ చేరే తేదీని ఆటుపోట్ల పట్టిక, పంచాంగం రెండూ చూసి పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ డార్విన్ టికెట్ కొనండి. జపనీయుల శ్మశానం కూడా చూడండి. ముత్యపు చిప్పల పనికి వచ్చినవాళ్లు 900 మందికి పైగా అక్కడ ఉన్నారు.

ఇక ఇంట్లోవాళ్ల టెన్షన్. ఊళ్లు దాటితే చాలా చోట్ల సిగ్నల్ ఉండదని వాళ్లకు ముందే చెప్పేయండి. రోజూ ఫోన్ చేస్తామని మాటివ్వొద్దు, ఒక్క రోజు తప్పితే వాళ్లకు నిద్ర ఉండదు. ఊరు వదిలేటప్పుడు, తర్వాత ఏ ఊరు, ఏ రోజుకు చేరతామన్నది, ఎన్నాళ్లు ఆలస్యమైతే కంగారు పడాలన్నది మెసేజ్ పెట్టండి. ఆపదలో శాటిలైట్‌కి సంకేతం పంపే పీఎల్‌బీ కొనండి లేదా అద్దెకు తీసుకోండి. మీ సొంతదైతే ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ దగ్గర ఉచితంగా రిజిస్టర్ చేసుకోవాలి. అందులో ఇచ్చే అత్యవసర నంబరు మాత్రం హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నలది కాకుండా, మీ దారీ తేదీలూ తెలిసిన, ఆస్ట్రేలియాలోనే ఉండే స్నేహితులది పెట్టండి. రక్షణ బృందం ముందు ఫోన్ చేసేది ఆ నంబరుకే.