ఇల్లు కొన్న ఆర్నెల్లకే రిపేర్లు మీద పడితే ఏం చేయాలి (డాలస్ వైపు కొన్నవాళ్ళకి)

ప్రతి సమ్మర్‌లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళ దగ్గర్నుంచి ఇదే గోల. ఏసీ చల్లగా రావట్లేదండీ, వచ్చినాయన యూనిట్ మొత్తం మార్చాలి పన్నెండు వేలవుద్ది అంటున్నాడు, డౌన్ పేమెంట్‌కే ఉన్నదంతా ఊడ్చి పెట్టేశాం, అసలు ఇన్‌స్పెక్షన్ చేయించాం కదా అప్పుడు ఆయన ఎందుకు చెప్పలేదు అని.

ముందు ఇన్‌స్పెక్టర్ మీద కోపం వదిలేయండి. ఆయన కంటికి కనపడిందే చూస్తాడు, గోడ పగలగొట్టి చూడడు, ఆ రోజు ఆన్ చేస్తే పనిచేసిందా లేదా అంతే. కానీ ఆ రిపోర్టు మాత్రం తీసి ఇప్పుడు తీరిగ్గా చదవండి, డెఫిషియంట్ (లోపం ఉంది) అని టిక్ పెట్టినవన్నీ. కొనే హడావిడిలో సెల్లర్‌తో బేరమాడ్డానికి పనికొచ్చేవే చూసుంటాం, మిగతావి వదిలేసుంటాం.

నేను అందరికీ చెప్పేది ఏంటంటే, రోగం ఏంటో చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయితే ఆ ఒక్కడి మాట మీద వేల డాలర్లు పెట్టొద్దు. ఇక్కడ ఫ్రీ ఇన్‌స్పెక్షన్ అని వచ్చేవాళ్ళలో చాలామందికి అమ్మితేనే కమిషన్, మర్యాదగా మాట్లాడతారు, ఐప్యాడ్‌లో ఎర్ర గీతల గ్రాఫులు చూపిస్తారు, ఈ రోజే సైన్ చేస్తే డిస్కౌంట్ అంటారు. ఈ రోజే అన్నాడంటే ఆ రోజు అస్సలు సైన్ చేయకండి.

ఏసీనే తీసుకోండి. యూనిట్ పోయిందనుకున్న వాటిలో కొన్ని నిజానికి కెపాసిటర్ (మోటార్ తిరగడానికి ఊతమిచ్చే చిన్న పార్టు) పోయినవి, ఆ పార్టు చాలా చవక, మనిషి వచ్చి మార్చినందుకు రెండు మూడు వందలవుద్ది (కరెంటు తీసేసినా అందులో చార్జ్ ఉంటుంది, యూట్యూబ్ చూసి మీరు చెయ్యి పెట్టకండి). ఇంకొకటి డ్రెయిన్ లైన్. ఇక్కడ లోపలి యూనిట్ ఎక్కువగా అటిక్‌లో (సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఖాళీలో) ఉంటుంది కదా, ఏసీ నీళ్ళు పోయే పైపు పాచి పట్టి మూసుకుపోతే ఫ్లోట్ స్విచ్ ఉన్న ఇళ్ళల్లో ఏసీ దానంతటదే ఆగిపోతుంది. మీ ఇంట్లో ఏదో ఒక కిటికీకి సరిగ్గా పైన గోడలోంచి చిన్న పైపు ముక్క బయటికొచ్చి ఉందేమో చూడండి, దాన్ని కావాలనే మన కంట పడేలా అక్కడ పెడతారు. అందులోంచి నీళ్ళు కారుతున్నాయంటే అసలు లైన్ మూసుకుపోయింది, అటిక్‌లో యూనిట్ కింది ట్రే నిండుతోంది అని అర్థం, ఆ పూటే మనిషిని పిలవకపోతే సీలింగ్ తడిసి కూలుద్ది. సరే, యూనిట్ నిజంగానే పాతదై ఆర్-22 అనే పాతరకం గ్యాస్ అయితే వేరే సంగతి, 2020 నుంచి ఇక్కడ ఆ గ్యాస్ కొత్తగా తయారుచేయడం, దిగుమతి చేయడం ఆపేశారు, కాబట్టి లీక్ ఉన్న పాత యూనిట్‌లో గ్యాస్ నింపుకుంటూ పోవడం దండగ. అప్పుడు మార్చమన్నవాడు అబద్ధం చెప్పినట్టు కాదు. అయినా రెండో ఆయన్ని పిలవండి, మొదటాయన ఏం చెప్పాడో ఆయనకి చెప్పకుండా.

ఇక అందరినీ నిద్రపోనివ్వనిది ఫౌండేషన్. డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్న మట్టి మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, మన ఇల్లు దాని మీద స్లాబ్‌తో కూర్చుంది. అందుకే ఆగస్టులో బెడ్‌రూమ్ తలుపు పట్టేసి వానలు పడ్డాక మళ్ళీ మామూలుగా మూసుకుంటే, డ్రైవాల్ (ఇంటి లోపలి జిప్సమ్ గోడ) మీద వెంట్రుకంత గీత కనపడితే గాభరా పడక్కర్లేదు. గీత మీద పెన్సిల్‌తో డేట్ రాసి పక్కన క్వార్టర్ (పావు డాలర్ నాణెం) పెట్టి ఫోటో తీసుకోండి, కొన్నాళ్ళాగి మళ్ళీ చూడండి. బయట ఇటుక గోడలో మెట్లు మెట్లుగా పగులు పెరుగుతుంటే, వేసిన తలుపు పైన ఒక మూల సందు తేడాగా కనపడుతుంటే అప్పుడు పిలవండి, కానీ ఫౌండేషన్ కంపెనీని కాదు, ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని, పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు ఉన్నాయన్ని. ఆయనకి కొన్ని వందలవుద్ది, పియర్లు (ఫౌండేషన్ కింద ఆసరాగా దింపే స్తంభాలు) అమ్ముకునే పని ఆయనకి లేదు, ఎన్ని పియర్లు కావాలో అసలు కావాలో లేదో కాగితం మీద రాసిస్తాడు, ఆ కాగితం పట్టుకుని కంపెనీలకి వెళ్తే కొటేషన్లు పోల్చడం తేలిక, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది. ఈలోపు సమ్మర్‌లో గోడకి అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్ళు సన్నగా ఊరే పైపు) వేసి మట్టి ఎండిపోకుండా చూసుకోండి, మీ సిటీ వాటర్ రూల్స్ చూసుకుని. గోడ పక్కనే నీళ్ళు నిలిస్తే మాత్రం అదో కొత్త తలనొప్పి.

వడగళ్ళు పడ్డ మర్నాడు తలుపు కొట్టే రూఫర్లతో (పైకప్పు పనివాళ్ళతో) ఇంకా జాగ్రత్త. టెక్సస్‌లో ప్లంబర్‌కి, ఎలక్ట్రీషియన్‌కి, ఏసీ కాంట్రాక్టర్‌కి స్టేట్ లైసెన్సు ఉంటుంది, రూఫర్‌కి ఉండదు. మీ డిడక్టబుల్ (ఇన్సూరెన్సు క్లెయిమ్‌లో మీరు పెట్టుకోవాల్సిన వాటా) మేమే చూసుకుంటాం అన్నాడంటే పంపించేయండి, 2019 నుంచి అది ఇక్కడ చట్టవిరుద్ధం. ఆ డిడక్టబుల్ ఎంతో మీ పాలసీలో ఈ రోజే చూసుకోండి, గాలి, వడగళ్ళకి సాధారణంగా శాతంలో ఉంటుంది, 5 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతం అంటే 10 వేలు మీ జేబులోంచే. రూఫ్‌కి పూర్తి ఖర్చు ఇస్తారా తరుగు తీసేసి ఇస్తారా అన్నది కూడా అందులోనే ఉంటుంది.

హోమ్ వారంటీ, హోమ్ ఇన్సూరెన్సు ఒకటే అనుకుంటారు కొత్తవాళ్ళు. పైపు హఠాత్తుగా పగిలి ఇల్లంతా నీళ్ళయితే ఇన్సూరెన్సు, అదే నెలల తరబడి మెల్లగా కారి చెక్క కుళ్ళితే వాళ్ళు ఇవ్వరు, బయట్నుంచి వరద లోపలికొస్తే దానికి వేరే పాలసీ కావాలి. వారంటీ అంటే వాడగా వాడగా పాడైన ఏసీ, డిష్‌వాషర్ లాంటివాటికి, విజిట్‌కింత ఫీజు, వాళ్ళు పంపినవాడే రావాలి, ముందు నుంచే ఉన్న సమస్య అని కొట్టేయడం మామూలే. సెల్లర్ ఇస్తే వాడుకోండి, సొంత డబ్బుతో రెన్యూ చేయడం మాత్రం నాకు నచ్చదు, ఆ డబ్బేదో పక్కన పెట్టుకోవడం నయం. కొత్త బిల్డర్ ఇల్లయితే మొదటి ఏడాది వారంటీ అయ్యేలోపు, పదకొండో నెలలో సొంతంగా ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి లిస్టు రాయించి బిల్డర్‌కి పంపండి.

నీళ్ళ సంగతొక్కటే ఆగేది కాదు. ఇంటికొచ్చే నీళ్ళు మొత్తం ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఈ వారంలోనే వెతికి, భార్యాభర్తలిద్దరూ ఒకసారి తిప్పి చూడండి, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్ళకీ చూపించండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో పైపులు పగిలినప్పుడు ప్లంబర్లు రోజుల తరబడి దొరకలేదు, వాల్వ్ తెలిసినవాళ్ళకి తడిసింది తక్కువ.

డబ్బు సంగతికొస్తే, హెచ్1 వీసా మీద ఉన్నవాళ్ళు హైదరాబాద్‌లో ప్లాటు ఇన్‌స్టాల్‌మెంటు ఓ ఏడాది వాయిదా వేసైనా ఇక్కడ చేతిలో నగదు పెట్టుకోండి, ఉద్యోగం పోవడం ఏసీ పోవడం ఒకేసారి జరిగితే ఎవడూ అప్పివ్వడు. ఏసీ మార్చక తప్పదని ఇద్దరు ముగ్గురు చెప్పినా, పడుకునే గదికి ఒక పోర్టబుల్ ఏసీ కొనుక్కుని (కిటికీ ఏసీలకి కొన్ని హెచ్ఓఏలు, అంటే కాలనీ ఓనర్ల సంఘాలు, ఒప్పుకోవు) అక్టోబర్ దాకా నెట్టుకురాగలరేమో చూడండి, చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఇంట్లో ఉంటే వద్దులెండి. ఎండలు తగ్గాక ఏసీవాళ్ళకీ పని తగ్గుద్ది, అప్పుడు బేరమాడ్డానికి మీకు వీలుంటుంది.