మేస్త్రీ గారిని అడగండి: బానెట్ మీద ఇత్తడి హంస

ప్రశ్న: మేస్త్రీ గారూ, మా నాన్నగారి 1986 అంబాసిడర్‌కి ఈమధ్యే కొత్తగా రంగు వేయించి మళ్లీ రోడ్డెక్కించాం. బానెట్ ముక్కు మీద పెట్టడానికి ఇత్తడితో ఒక హంస పోత పోయించాను. పొడవు 12 సెంటీమీటర్లు, బరువు 200 గ్రాములు. వెనకవైపు చదునుగా ఉంటుంది. డబుల్ టేపుతో అంటిస్తే కొన్నాళ్లకే ఊడిపోయింది. ఇన్‌స్టంట్ గమ్ వేస్తే రంగు మీద తెల్ల మరక మిగిలింది కానీ హంస నిలవలేదు. షెడ్డులో అడిగితే చిల్లులు పెట్టి నట్లు బిగించేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వేరే దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ డ్రిల్లింగ్ మిషన్‌ని పక్కన పెట్టించండి. మీ టేపు బలం చాలక ఊడిందని అందరూ అనుకుంటున్నారు. కాదు. మంచి ఆక్రిలిక్ ఫోమ్ టేపు కిలో బరువు మోయడానికి సుమారు 55 చదరపు సెంటీమీటర్లు ఉంటే చాలు. ఆ లెక్కన మీ 200 గ్రాముల హంసకి 11 చాలు, దాని వీపు అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. అసలు లోపం ఏమిటంటే, హంస బానెట్‌కి ఆనడమే లేదు. గుమ్మడికాయ మీద పలక పెట్టినట్టు నడుమ మాత్రమే తగిలి, రెండు చివర్లూ గాల్లో ఉన్నాయి.

ఎంత గాల్లో అంటారా? అంబాసిడర్ ముక్కు వంపు చోటుచోటుకీ మారుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు అనుకుంటే, 12 సెంటీమీటర్ల చదును ముక్క చివర్ల కింద 3 మిల్లీమీటర్ల సందు వస్తుంది. టేపు మందం ఎంతుంటుంది, ఒక మిల్లీమీటరు. గట్టిగా నొక్కి పట్టుకుంటే అప్పటికి అంటుకున్నట్టే ఉంటుంది. ఎండెక్కి టేపు మెత్తబడగానే చివర్లు లేస్తాయి, ఆ సందులోకి నీళ్లూ దుమ్మూ దూరతాయి, తర్వాత బండి కడిగే కుర్రాడి గుడ్డ తగిలితే చాలు. ఉక్కు స్కేలు ఒకటి ఆ చోట అడ్డంగా ఆనించి చూడండి, నిలువుగా కూడా చూడండి. ముక్కు దగ్గర వంపు రెండువైపులా ఉంటుంది.

మరి హంసనే వంచేస్తే? మీది పోత పని, సుత్తి దెబ్బకి మెడ దగ్గర చిట్లుతుంది. పెంబర్తి వాళ్లలా ఇత్తడి రేకు మీద కొట్టిన బొమ్మయితే వేళ్లతోనే కొంత వంగేది. బుడితి రకం పోత బొమ్మలకి ఆ సుఖం లేదు. (పాత కార్ల క్రోమ్ అక్షరాలు చాలావరకు జింక్ పోతవి. వాటి జోలికి అసలు వెళ్లొద్దు, బిస్కెట్ ముక్కలే చేతికొస్తాయి.) అయినా రెండువైపుల వంపుకి సరిపడా వంచడం రేకుతో కూడా తేలిక కాదు.

అందుకని హంసని అలాగే ఉంచి, దాని వీపుకి మాత్రం బానెట్ వంపు తెప్పించాలి. హంస వెనకవైపు 80 నంబరు ఎమరీ పేపరుతో బాగా గరుకు చేయండి. బానెట్ మీద వ్యాక్స్ పాలిష్ కొద్దిగా రాసి, వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని ముడత లేకుండా పరవండి. ఎంసీల్ రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా కలిపి హంస వీపుకి పట్టించి, ఆ కాగితం మీద కావలసిన చోట పెట్టి మెల్లగా నొక్కండి. పక్కల నుంచి ఉబికి వచ్చిన ముద్దని అప్పుడే గీకేయండి, గట్టిపడ్డాక అదే పని గంట పడుతుంది. జారకుండా మాస్కింగ్ టేపు అడ్డంగా వేసి మర్నాటిదాకా వదిలేయండి. తీసి చూస్తే హంస వీపు అచ్చంగా మీ బానెట్‌కే సరిపోయేలా తయారవుతుంది, ఇంకో అంబాసిడర్‌కి కూడా సరిగ్గా కూర్చోదు. అంచుల్ని ఒక మిల్లీమీటరు లోపలికి ఆకురాయితో అరగదీసి, ఆ అంచు వరకే నల్లరంగు వేయండి. టేపు అంటుకునే భాగానికి రంగు వద్దు. అక్కడ 220 ఎమరీతో నునుపు చేస్తే చాలు.

ఇక టేపు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే తెల్ల ఫోమ్ టేపు గోడ గడియారాలకి పనికొస్తుంది, కింద ఇంజను ఉన్న బానెట్‌కి కాదు. ఆటో యాక్సెసరీస్ వాళ్ల దగ్గర బూడిదరంగు ఆక్రిలిక్ ఫోమ్ టేపు అడగండి. ముక్కలు ముక్కలుగా కాకుండా హంస వీపంతా పరిచి బ్లేడుతో ఆకారం కోయండి. నేను చెప్పి రాయించిన వ్యాక్స్ ఇప్పుడు పూర్తిగా పోవాలి. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని ఒక స్పిరిట్ దొరుకుతుంది. సగానికి సగం నీళ్లు కలిపి శుభ్రమైన గుడ్డతో తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ తుడవండి. తర్వాత అక్కడ వేలు కూడా పెట్టకండి. ఉదయం పూట, నీడలో, ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంటించండి. ఈ టేపుకి 21 నుంచి 38 డిగ్రీలు అనుకూలం, మే నెల మధ్యాహ్నం బానెట్ దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఒకసారి తగిలితే జరపడం కుదరదు కాబట్టి హంస చుట్టూ మాస్కింగ్ టేపుతో ముందే గుర్తులు పెట్టుకోండి. అంటిన 20 నిమిషాలకి సగం పట్టు, ఒక రోజుకి 90 శాతం, పూర్తి పట్టు 72 గంటలకి వస్తుంది. ఆ మూడు రోజులూ బండి కడగొద్దు.

గట్టి జిగురు ఎందుకు వద్దంటున్నానంటే, ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. వేడి 40 డిగ్రీలు పెరిగితే మీ హంసకీ బానెట్ రేకుకీ తేడా మిల్లీమీటరులో 30 వంతుల్లో ఒక వంతు వస్తుంది. చిన్నదే, కానీ రోజూ జరుగుతుంది. ఫోమ్ దాన్ని భరిస్తుంది, ఇన్‌స్టంట్ గమ్ పెళుసెక్కి పగిలిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వద్దు, అందులోని ఆమ్లం లోహాన్ని తింటుంది. తెల్ల మరక మీద మాత్రం అసిటోన్ పోయకండి, రంగే లేచిపోవచ్చు. పైపైన మరకే అయితే రబ్బింగ్ కాంపౌండ్‌కి పోతుంది, మిగిలింది హంస కింద దాక్కుంటుంది.

నట్లు బిగించడంలో లాభం ఒక్కటే, ఇత్తడి మీద కన్నేసే దొంగలకి పని కష్టమవుతుంది. అదే భయమైతే చిల్లు అంచులకి ప్రైమర్ పట్టించి, హంస ఇత్తడి బానెట్ రేకుకి తగలకుండా నైలాన్ వాషర్లు వేయించండి. లేకపోతే వానాకాలంలో తుప్పు అక్కడే మొదలవుతుంది. నాన్నగారి బండి నా చేతికొస్తే చిల్లు మాత్రం పెట్టను.

ప్రశ్న: డిక్కీ మీద షోరూమ్ వాళ్లు అంటించిన లోహపు అక్షరాలు తీసేయాలి. స్క్రూడ్రైవరు పెడితే గీతలు పడతాయని టెన్షన్.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్క్రూడ్రైవరు వద్దే వద్దు. హెయిర్ డ్రైయరుతో వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ తీగని అక్షరం వెనక రంపంలా అటూ ఇటూ లాగండి. మిగిలిన జిగురుని బొటనవేలితో దొర్లిస్తే ఉండలై వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు గెజిటెడ్ అధికారిగా రిటైరయ్యారు. ఆయన కారుకి మూడు సింహాల లోహపు బొమ్మ పెట్టిద్దామని ఉంది. బానెట్ మీదా, నంబరు ప్లేటు పక్కనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బాబూ, ఎక్కడా పెట్టొద్దు. అది జాతీయ చిహ్నం. 2005 నాటి చట్టం ప్రకారం నిబంధనల్లో పేర్కొన్న పదవుల్లో ఉన్నవారి వాహనాలకే అనుమతి. మీరితే రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లోహపు బొమ్మకి బదులు స్టిక్కర్ వేసినా అంతే.