పనిమనిషియా, దాసియా, బానిసయా?

సందేహం: “అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇంటి ‘పనిమనిషి’ ఓనా జడ్జ్ అని ఒక పత్రికలో చదివాను. ఆమె బానిస కదా, అలా అనవచ్చునా? దాసి అంటే మేలేమో?” – ఒక పాఠకురాలు

సమాధానం: పనిమనిషి అనరాదు. పనిమనిషికి జీతం ఉంటుంది, గిట్టకపోతే మానుకునే వీలుంటుంది. వర్జీనియాలో వాషింగ్టన్ కుటుంబానిదైన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో బానిసతల్లికి పుట్టి, జార్జ్ భార్య మార్తా వాషింగ్టన్‌కు దుస్తులు సవరిస్తూ, కుట్టుపని చేస్తూ పెరిగిన ఓనాకు ఆ రెండూ లేవు. నొప్పించని మాట కోసం వెదికి నిజాన్నే మరుగుపరచడం నేటి పత్రికలకు అలవాటైపోయింది.

ఈ సందర్భంలో తలచుకోవలసిన మాట ‘అరణము’. ఇది సంస్కృత ‘హరణము’కు వికృతి, పెండ్లికూతురి వెంట పుట్టింటివారు పంపే ధనమూ పశువులూ దాసీజనమూ అన్నీ అరణమే. నన్నయ ఆదిపర్వంలో శర్మిష్ఠ రాకుమారి అయ్యుండీ దేవయానికి దాసియై, ఆమె వెంట యయాతి ఇంటికి వెళుతుంది. భార్యకు, దాసికి, కొడుకుకు సొంత ధనం ఉండదనీ, దేవయాని నీదైనప్పుడు ఆమె దాసినైన నేనూ నీదాననేననీ రాజుతో వాదిస్తుంది. మనిషి సొత్తైతే ఆ సొత్తు ఎవరి చేతి నుండి ఎవరి చేతికి పోతుందో ఇంత సూటిగా చెప్పిన ఘట్టం మన కావ్యాలలో అరుదు. ఓనా సంగతీ ఇటువంటిదే. తల్లి బెట్టీ మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ ఆస్తిలోనిది కాబట్టి బిడ్డ కూడా ఆ ఆస్తికే చెందింది. వాషింగ్టన్ తలచినా ఆమెను విడిపించే హక్కు ఆయనకు లేదు. 1796లో మార్తా ఆమెను కొత్తగా పెళ్లైన మనుమరాలు ఎలిజాకు ఇవ్వదలచింది. ఇది అచ్చమైన అరణం.

అది తెలిసిన ఓనా, ఆ ఏడాది మే 21న అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో యజమానులు భోజనం చేస్తుండగా ఇల్లు విడిచి, ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పట్టిచ్చినవారికి 10 డాలర్లంటూ వెలువడిన పత్రికా ప్రకటనలో, పారిపోవడానికి ఆమెకు కారణమేదీ లేదని, మంచి బట్టలు అనేకం ఉన్నాయని వ్రాశారు. ఆమె బట్టలు గుర్తున్నవారికి అరణం ఒక కారణంగా తోచలేదు.

‘దాసి’ తప్పని చెప్పలేను. కాని రామదాసు వంటి పేర్ల వల్ల అందులో కోరి చేసే సేవ అనే అర్థం కలిసిపోయింది. ఇక్కడ ‘బానిస’ అనడమే సరి. ‘మాజీ బానిస’ అనేముందు మాత్రం ఆలోచించాలి: 1848లో కన్నుమూసేదాకా చట్టం లెక్కలో ఆమె కస్టిస్ వారసుల సొత్తే, తన లెక్కలో మాత్రం స్వతంత్రురాలు. నేను ఆమె లెక్కవైపే మొగ్గుతాను గాని, చట్టచరిత్ర వ్రాసేవారు ‘పారిపోయిన బానిస’ అంటే కాదనను.