స్టీమ్ డెక్‌లో స్ట్రీట్ ఫైటర్ 6 ర్యాంక్డ్ ఆడొచ్చా?

మీరు అడిగింది: "స్టీమ్ డెక్ కొందామనుకుంటున్నా. స్ట్రీట్ ఫైటర్ 6 అరవై ఫ్రేములతో నడుస్తుందా? ర్యాంక్డ్ ఆడుకోవచ్చా?"

నడుస్తుంది. (స్టీమ్ డెక్ అంటే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్, ర్యాంక్డ్ అంటే గెలుపోటములను బట్టి ర్యాంకు మారే ఆన్‌లైన్ మ్యాచ్‌లు.) గ్రాఫిక్స్‌ని తక్కువ నాణ్యత (Low) ప్రీసెట్‌కి పెట్టి, మోషన్ బ్లర్, రిఫ్లెక్షన్లు ఆపేసి, షాడోలు తగ్గిస్తే ఇద్దరు తలపడే మ్యాచ్‌లు 1280×800లో 60 దగ్గర నిలబడతాయి. కథ నడిచే వరల్డ్ టూర్ మోడ్ సంగతి వేరు, అందులోని మెట్రో సిటీ వీధుల్లో 30 దగ్గరే సర్దుకోవాలి. కానీ మీకు కావలసింది ర్యాంక్డ్ కాబట్టి అది పక్కన పెట్టేద్దాం.

అందరూ ఫ్రేముల దగ్గరే ఆగిపోతున్నారు. యూట్యూబ్ వీడియోల్లో తెర మూలన "60" కనిపిస్తే చాలు, "సూపర్‌గా నడుస్తోంది" అనేస్తారు. సెకనుకు ఎన్ని బొమ్మలు తయారవుతున్నాయో మాత్రమే ఆ అంకె చెబుతుంది. బటన్ నొక్కాక తెర మీద గుద్దు పడడానికి ఎంతసేపు పట్టిందో చెప్పదు. ఫైటింగ్ గేమ్‌లో గెలుపోటములు తేలేది ఆ రెండో దాని దగ్గరే.

ఒక్క సందర్భం చూడండి. మీరు గోడ మూలన ఇరుక్కున్నారు. ఎదుటివాడు డ్రైవ్ ఇంపాక్ట్ (దెబ్బల్ని తట్టుకుని దూసుకొచ్చే బలమైన గుద్దు) వేశాడు. బ్లాక్ చేసినా గోడకు కొట్టుకుని పడతారు. ఇలాంటి ఎత్తులకు ఖర్చయ్యే డ్రైవ్ గేజ్ ఖాళీ అయి ఉంటే (దీన్నే బర్నౌట్ అంటారు) ఏకంగా స్టన్ అవుతారు, అంటే కాసేపు కదల్లేరు. ఎక్కువమంది నమ్ముకునే విరుగుడు తిరిగి డ్రైవ్ ఇంపాక్ట్ వేయడమే. వాడి దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది, అంటే 433 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికి మామూలు మనిషికి సుమారు పావు సెకను కావాలి, అది 15 ఫ్రేములు. ఇక మిగిలింది 11. గేమ్‌కి ఉండే సొంత ఆలస్యం, తెర ఆలస్యం, "ఇది ఇంపాక్టా, ఇంకో దెబ్బా" అని తేల్చుకునే సమయం అన్నీ అందులోంచే పోవాలి. సెట్టింగుల్లో పొరపాటు వల్ల ఇంకో రెండు మూడు ఫ్రేములు పోతే చూసి కొట్టడం పోయి ఊహించి కొట్టడమే అవుతుంది. దెబ్బను సరిగ్గా తగిలే క్షణంలో ఆపే పర్ఫెక్ట్ ప్యారీకి ఉన్నదే 2 ఫ్రేములు, దాని గురించి వేరే చెప్పాలా!

ఆ పొరపాట్లలో అన్నిటికన్నా పెద్దది తెరను 40 హెర్ట్జ్‌కి (సెకనుకు 40 సార్లు బొమ్మ మారేలా) పెట్టడం. బ్యాటరీ ఆదా అవుతుందని వేరే గేమ్ కోసం 40 పెట్టి దాన్ని అలాగే వదిలేస్తారు. స్ట్రీట్ ఫైటర్ లెక్కంతా ఫ్రేములతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఫ్రేములు తగ్గితే ఫైట్ కుదుపులతో నడవదు, నెమ్మదిస్తుంది. ఆ 26 ఫ్రేములు 650 మిల్లీసెకన్లకు సాగుతాయి. ట్రైనింగ్ మోడ్‌లో ప్రతి ఇంపాక్ట్‌కీ జవాబిస్తూ "చెయ్యి తిరిగింది" అనుకుంటారు. అసలు వేగంలో ఆడగానే ఒక్కటీ పట్టుకోలేరు. నేర్చుకున్న టైమింగే తప్పు మరి.

అందుకని మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ముందు ఈ గేమ్‌కి విడిగా ప్రొఫైల్ ఆన్ చేయండి. ఫ్రేమ్ లిమిట్ తీసేయండి. గేమ్ ఫైట్‌లో తనంతట తానే 60 దగ్గర ఆగుతుంది, పైన ఇంకో లిమిటర్ పెడితే ఆలస్యం తప్ప మరేమీ రాదు. టీడీపీ లిమిట్ (ప్రాసెసర్ వాడే కరెంటుకు పెట్టే హద్దు) కూడా ముట్టుకోవద్దు. 8 వాట్లకు దించితే నిలబడి కొట్టుకునేంతసేపు బాగానే ఉంటుంది, సూపర్ ఆర్ట్ అనే పెద్ద దెబ్బల మెరుపులు రాగానే మందగిస్తుంది. అలో టేరింగ్ ఆన్ చేస్తే ఆలస్యం కొంచెం తగ్గుతుంది, బదులుగా బొమ్మ అక్కడక్కడా అడ్డంగా చీలుతుంది. నా ఓటు ఆన్‌కే. గేమ్ లోపల వీసింక్ (ఫ్రేముల్ని తెర లయకు కట్టే సెట్టింగ్) ఆఫ్, ఇన్‌పుట్ డిలే రిడక్షన్ ఆన్.

ఓఎల్ఈడీ తెర ఉన్న డెక్ మోడల్‌లో ఇంకో మెలిక ఉంది. దాని తెర 90 హెర్ట్జ్. 60 ఫ్రేములు 90లో సమంగా ఇమడవు, ఒక ఫ్రేమ్ ఒకసారి, తర్వాతిది రెండుసార్లు కనబడి కదలిక గరుకుగా ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్‌నీ ఫ్రేమ్ లిమిట్‌నీ కలిపి నడిపే ఆప్షన్ ఆపేస్తే విడివిడి స్లయిడర్లు వస్తాయి. రిఫ్రెష్ మాత్రం 60కి దించండి.

ఇక డీ-ప్యాడ్, అంటే నాలుగు దిక్కుల బటన్. నా ఉద్దేశంలో డెక్ అసలు బలహీనత ఇదే. స్టిక్‌కి పక్కన, పైమూలకి నెట్టేశారు. 640 గ్రాముల పైన బరువున్న యంత్రాన్ని పట్టుకుని బొటనవేలు అంత పైకి చాచి హాడోకెన్ల లాంటి ఎత్తులు వేస్తుంటే కాసేపటికే వేలు నొప్పెడుతుంది. మూలలు జారి, డ్రాగన్ పంచ్ (ముందు, కింద, ముందు-కింద అని నొక్కే ఎత్తు) వేయబోతే ముందుకు గెంతడం మామూలే. గైల్‌లాంటి ఛార్జ్ పాత్రలకు కింద-వెనక పట్టి ఉంచడమే కాబట్టి కాస్త నయం. దిక్కుల్ని గుండ్రంగా తిప్పాల్సిన జాంగీఫ్‌కి స్టిక్ మేలు. ట్రైనింగ్‌లో ఇన్‌పుట్ హిస్టరీ తెరిచి, ఒక్కోవైపు నుంచి పది డ్రాగన్ పంచ్‌లు వేసి చూడండి. ఎనిమిది కూడా రాకపోతే తప్పు ఎక్కడుందో బాణం గుర్తులే చూపిస్తాయి.

డెక్‌కున్న వరం వెనక బటన్లు. డ్రైవ్ ఇంపాక్ట్‌ని ఆర్4కి, ప్యారీని ఎల్4కి ఇవ్వండి. అయితే ఇంపాక్ట్‌కి కలిపి నొక్కాల్సిన హెవీ పంచ్, హెవీ కిక్ రెండూ ఒకేసారి పడేలా స్టీమ్ ఇన్‌పుట్‌లో (డెక్ బటన్ల పని మార్చే సెట్టింగ్‌లో) కట్టొద్దు. గేమ్‌లో ఇంపాక్ట్‌కి ఒక బటన్ ఇచ్చి, వెనక బటన్‌ని దానికి కలపండి. రెండు నొక్కుళ్లు వేర్వేరు ఫ్రేముల్లో పడి దెబ్బ మారిపోయే బెడద ఉండదు.

నెట్ గురించి గట్టిగానే చెప్పాలి. హాస్టల్ వైఫై మీదా, ఫోన్ హాట్‌స్పాట్ మీదా ర్యాంక్డ్ ఆడేవాళ్లు అవతలివాడి మ్యాచ్ కూడా పాడుచేస్తున్నారు. రోల్‌బ్యాక్ (నెట్ ఆలస్యాన్ని ఊహతో కప్పి, తప్పైతే వెనక్కి వెళ్లి దిద్దే పద్ధతి) నిలకడైన పింగ్‌ని (డేటా వెళ్లి తిరిగొచ్చేందుకు పట్టే మిల్లీసెకన్లని) మింగగలదు, ఎగిరిపడే పింగ్‌ని మింగలేదు. కదలకుండా 100 ఉండడం, 40కీ 150కీ మధ్య ఊగడం కన్నా ఎంతో మేలు. వైఫై తప్పదంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారి, డెవలపర్ మోడ్‌లో వైఫై పవర్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. మ్యాచ్ మధ్యలో స్లీప్ నొక్కితే కనెక్షన్ తెగుతుంది, అది అలవాటు చేసుకోవద్దు.

డెక్‌కి ఉన్నది ఒక్క యూఎస్‌బీ-సీ రంధ్రం. ఎల్‌సీడీలో 40, ఓఎల్ఈడీలో 50 వాట్-అవర్ల బ్యాటరీ. ఈ గేమ్‌కి మొత్తం 20 వాట్ల పైన లాగుతుంటే ఎల్‌సీడీ రెండు గంటలు రాదు. అందుకే ఛార్జింగ్ పాస్‌త్రూ (ఆడుతూనే ఛార్జ్ చేసుకునే వీలు), ఈథర్నెట్, కనీసం రెండు యూఎస్‌బీ పోర్టులున్న హబ్ డెక్‌తో పాటే కొనేయండి. వైరు కంట్రోలరో లెవర్‌లెస్సో (కర్ర లేకుండా అన్నీ బటన్లే ఉండే కంట్రోలర్) దానికి తగిలించి, డెక్‌ని స్టాండ్ మీద నిలబెట్టి ర్యాంక్డ్ ఆడండి. చేతిలో పట్టుకుని ఆడటం ట్రైనింగ్‌కీ, స్నేహితులతో సరదా మ్యాచ్‌లకీ ఉంచుకోండి.